రాత్రి పదకొండింటికి తెరిచే డబ్బా

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడలో టీచర్ ఉద్యోగం, వయసు 37, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 81 కిలోలు. రెండేళ్ల కిందట అన్నం పూర్తిగా మానేసి మూడు నెలల్లో 13 కిలోలు తగ్గారు. ఆ తర్వాత ఏడాదిన్నరలో 16 కిలోలు పెరిగారు. ఇప్పుడు మళ్లీ పగలంతా నోరు కట్టుకుంటున్నారు. రాత్రి పదకొండింటికి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి, లైటు కూడా వేయకుండా, జంతికల డబ్బా తెరిచి నిలబడే తింటున్నారు. ఆ తర్వాత ఏడుస్తున్నారు. "నాకు మనోబలం లేదు మేడమ్. ఈ అలవాటు ఎలా మానాలి? మళ్లీ పెరగకుండా బరువు ఎలా తగ్గాలి?" అని అడిగారు.

నేను 22 ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆ డబ్బా కథ వారానికి ఒక్కరైనా నాకు చెబుతారు. చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, ఒకసారి తలుపు వైపు చూసి చెబుతారు. అందుకే ముందు ఈ మాట చెప్పనివ్వండమ్మా. మీకు మనోబలం తక్కువేమీ లేదు. పొద్దున ఆరింటి నుంచి ఇంటిల్లిపాదికీ వండి వడ్డిస్తూ, స్కూల్లో ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెబుతూ, తాను మాత్రం దాదాపు పస్తు ఉండగలిగిన మనిషికి మనోబలం లేదని ఎవరంటారు? చిక్కంతా ఆ పగటి పస్తులోనే ఉంది. మీరు రాత్రిని బాగుచేయాలని చూస్తున్నారు. నేను మీ పగటిని, అందులోనూ సాయంత్రం నాలుగున్నరను బాగుచేయమంటాను.

మీరు రాసిన తిండి లెక్క వేశాను. పొద్దున గ్లాసు రాగిజావ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కాస్త కూర, కీరా ముక్కలు, సాయంత్రం చక్కెర లేని టీ, రాత్రి ఒక పుల్కా, మజ్జిగ. అంతా కలిపినా 600 కేలరీలు దాటడం కష్టం. మీ వయసు, ఎత్తు, బరువుకి, మీరు చేసే పనికి రోజుకు దాదాపు 2,000 కేలరీలు ఖర్చవుతాయి. అంటే రాత్రి పదకొండయ్యేసరికి మీ ఒంటికి 1,400 కేలరీల బాకీ ఉంటుంది. ఆ బాకీ వసూలుకి శరీరం వంటింట్లోకి వస్తోంది. అది కీరా ముక్క అడగదు. తొందరగా శక్తినిచ్చేది, నూనె, పిండి, బెల్లం ఉన్నదే అడుగుతుంది. జంతికలు, సున్నుండలు అందుకే చేతికి తగులుతాయి.

మీకు ఇంకో సందేహం వస్తుంది. వంద గ్రాముల జంతికలు, రెండు సున్నుండలు కలుపుకున్నా మొత్తం 1,400, 1,500 దగ్గరే ఆగుతుంది కదా, మరి బరువెందుకు తగ్గట్లేదు అని. రాయనివి కొన్ని ఉంటాయమ్మా. వంట చేస్తూ చూసిన రుచి, పిల్లాడు కంచంలో వదిలేసిన నెయ్యన్నం (పారేయడానికి మనకు చేతులు రావు), స్టాఫ్ రూమ్‌లో ఎవరిదో పుట్టినరోజు స్వీటు, ఆదివారం బిర్యానీ. మీరు దాచారని కాదు, తిండి విషయంలో అందరి జ్ఞాపకం ఇలాగే ఉంటుంది. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పినవాళ్లను 1992లో న్యూయార్క్‌లో పరీక్షించారు. వాళ్లు తినేదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెబుతున్నారని తేలింది. కడుపు మాడ్చుకున్న రోజున ఈ మరుపు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ రోజంతా గుర్తుండేది తినకుండా ఆపుకున్న కష్టమే.

పస్తు మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు అరకొర తిండి పెట్టి చూశారు. యుద్ధంలో ఆకలికి మాడిన జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం ఉద్దేశం. ఆ యువకులు ఒంటి బరువులో నాలుగో వంతు కోల్పోయారు. పగలూ రాత్రీ తిండి గురించే మాట్లాడుకున్నారు, కంచాలు నాకారు, కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. చిరాకు, దిగులు, చలి. మళ్లీ తిండి పెట్టడం మొదలయ్యాక కడుపు నిండినా ఆకలి తీరక వేల కేలరీలు తిన్నారు. వాళ్లు మనోబలం లేనివాళ్లు కాదు, ఏరికోరి ఎంపిక చేసిన మనుషులు. వాళ్లకు పెట్టిన అరకొర తిండి ఎంతో తెలుసా? రోజుకు దాదాపు 1,570 కేలరీలు. మీరు పగలు తినేదానికి రెండున్నర రెట్లు.

పోయిన 13 కిలోలు మళ్లీ రావడమూ మీ తప్పు కాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో చేసిన ఒక పరిశోధన 2011లో అచ్చయింది. 50 మందికి పది వారాలు బాగా తక్కువ తిండి పెట్టారు. సగటున 13.5 కిలోలు తగ్గారు, మీ లెక్కే. ఏడాది గడిచాక వాళ్ల రక్తం పరీక్షిస్తే, ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ అప్పటికీ ఎక్కువగానే ఉంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ తక్కువగానే ఉంది. అంటే డైట్ ఆపిన ఏడాదికి కూడా ఒళ్లు పోయిన బరువును వెతుక్కుంటూనే ఉంది. కరువుల్లో బతికి బట్టకట్టిన శరీరాలు మనవి. వేగంగా తగ్గితే అది కరువనే అనుకుంటుంది.

దీనికి తోడు మనసు ఒక మెలిక పెడుతుంది. "ఈ రోజుకి ఎలాగూ చెడింది, రేపట్నుంచి గట్టిగా ఉందాం" అనుకుంటాం చూడండి, అదే. 1975లో అమెరికాలో విద్యార్థినుల మీద ఒక ప్రయోగం చేశారు. ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత రుచి చూసే నెపంతో ఐస్‌క్రీమ్ ఇచ్చారు. మామూలుగా తినే అమ్మాయిలు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకునే అమ్మాయిలు మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. గీత దాటేశామనిపించగానే కట్లన్నీ తెగిపోతాయి. మీరు ఒక్క జంతిక తిని ఆగలేకపోవడానికి కారణం జంతిక కాదు, అది ముట్టకూడని వస్తువని పెట్టుకున్న గీత.

ఇక చేయాల్సింది. మొదటి రెండు వారాలు బరువు తగ్గే ప్రయత్నమే చేయకండి. తూకం యంత్రం అటక మీద పెట్టించండి. ఈ రెండు వారాల్లో పని ఒక్కటే, పగలు కడుపునిండా తినడం. ఈ మాటకి ఎదుటివాళ్ల ముఖంలో భయం కనిపిస్తుంది. నమ్మి చేసినవాళ్లలో చాలామందికి రెండో వారానికల్లా రాత్రి తిండి దానంతటదే సగానికి తగ్గడం చూశాను.

పొద్దున జావ ఒక్కటే చాలదు. స్కూలుకి వెళ్లేలోపు రెండు పెసరట్లు అల్లం చట్నీతో, లేదా మూడు ఇడ్లీలు గిన్నెడు సాంబారుతో, లేదా కూరగాయలు, గుప్పెడు పల్లీలు వేసిన ఉప్మా. గుడ్డు తింటారా? అయితే ఒక ఉడకబెట్టిన గుడ్డు పక్కన పెట్టుకోండి. మధ్యాహ్నం అన్నం తినండి. అవును, అన్నమే. కప్పు, కప్పున్నర అన్నం, గట్టిగా ఉడికిన పప్పు లేదా చేప, చికెన్, ఆ అన్నానికి ఏమాత్రం తగ్గకుండా కూర, చివర్లో పెరుగు. కప్పు అన్నం అంటే 200 కేలరీలు, అంతే. మీరు రెండేళ్లుగా భయపడుతున్న వస్తువు అది.

సాయంత్రం నాలుగున్నర గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మీరు రాసిన ఒక వాక్యం నా మనసులో ఉండిపోయింది. "స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పగానే అత్తయ్యగారికి టీ, పిల్లలకి బజ్జీలో అటుకులో ఏదో ఒకటి చేసిపెట్టి, నేను టీ తాగి హోంవర్కులు చూస్తాను." ఆ టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ పది నిమిషాల్లోనే మీ రాత్రి పదకొండు నిర్ణయమైపోతోంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న రెండు పుల్కాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఇంకో ఐదు గంటల దాకా భోజనం లేదు. మధ్యలో వంట, హోంవర్కులు, రేపటి నోట్స్. ఆ సమయంలో మీకంటూ ఒక ప్లేటు పెట్టుకోండి. ముందు రోజు రాత్రి గుప్పెడు శనగలు నానబెట్టి, పొద్దున కుక్కర్లో పప్పుతోపాటు ఒక గిన్నెలో ఉడికించేయండి. సాయంత్రం ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి తాలింపు పెట్టి, పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం పిండుకుంటే గుగ్గిళ్లు. మరో రోజు మరమరాల్లో టమాటా, కీరా, వేయించిన పల్లీలు కలుపుకోండి. ఇంకో రోజు జామకాయ, గిన్నెడు పెరుగు. పిల్లలకి పెట్టినప్పుడే మీరూ కూర్చుని తినాలి. మీ అత్తగారి పక్కన కూర్చోండి, ఆవిడకీ అవి ఇష్టమే అవుతాయి. వందమందికి వంద రకాల డైట్ చార్టులు రాసిచ్చాను ఈ ఉద్యోగంలో. అందులో ఎక్కువమందికి పనికొచ్చింది ఈ నాలుగున్నర ప్లేటే.

రాత్రి భోజనం ఎనిమిదిన్నరకల్లా అయితే మంచిది. పిల్లలతో కలిసి తినేయండి. ఆయన ఆలస్యంగా వస్తే వడ్డించి పక్కన కూర్చోండి, ఆయనతో తినాలని ఎదురుచూడకండి.

ఇంత చేసినా కొన్ని రాత్రులు డబ్బా పిలుస్తుంది. ఒంటి ఆకలి తీర్చాక మిగిలేదే అసలు మనసు ఆకలి. దాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఒంటి ఆకలి మెల్లగా వస్తుంది, పప్పన్నం పెట్టినా సరే అంటుంది, నిండాక ఊరుకుంటుంది. మనసు ఆకలి ఉన్నట్టుండి వస్తుంది, ఫలానాదే కావాలంటుంది, పొట్ట బిగిసినా చెయ్యి ఆగదు, చివరికి తప్పు చేసిన భావం మిగులుతుంది.

దీనికి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. కేలరీలు రాయకండి. ఎన్ని గంటలకు తిన్నారు, ఏం తిన్నారు, దానికి గంట ముందు ఏం జరిగింది. మూడే మాటలు. నా దగ్గరికి ఒకావిడ వచ్చేవారు, యాభై దాటిన వయసు, ఇంట్లోనే కుట్టుపని. "నాకు టెన్షన్లేమీ లేవు, ఊరికే నోటి చపలం" అనేవారు. నాలుగు వారాల నోట్‌బుక్ తెచ్చారు. ఎక్కువ తిన్న రోజుల్ని ఎర్ర పెన్నుతో గుర్తుపెడుతూ తిరగేస్తే శనివారాలే ఎర్రగా కనిపించాయి. శనివారం రాత్రి కెనడా నుంచి వాళ్లబ్బాయి వీడియో కాల్. ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకు ఆవిడ అబ్బాయికి పార్సిల్ పంపడానికి చేసిన సున్నుండల డబ్బా తెరిచేవారు. నాలుగు శనివారాలూ అదే డబ్బా. నేను ఏమీ అనకుండా ఆ నాలుగు పేజీలూ పక్కపక్కన చూపించాను. చాలాసేపు చూసి, "వాడు తింటాడని చేశానండీ, వాడు రాడని నేనే తింటున్నాను" అన్నారు. ఆవిడకి డైట్ చార్టు ఏం ఇస్తాను? కాల్ ఆదివారం పొద్దునకి మార్చుకున్నారు. కాల్ అయ్యాక భర్తతో కలిసి గుడిదాకా నడిచి వెళ్లడం అలవాటు చేసుకున్నారు. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గారు. మధ్యలో కొన్ని శనివారాలు డబ్బా తెరిచారు, అయినా తగ్గారు.

నాకూ ఇది బయటినుంచి తెలిసిన విషయం కాదు. మా నాన్నగారు 23 రోజులు ఐసీయూలో ఉన్నారు. పగలు లోపలికి రానిచ్చేది పది నిమిషాలు. మిగతా సమయమంతా బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బిస్కెట్లు తినేదాన్ని, ప్యాకెట్ తర్వాత ప్యాకెట్. ఆకలి లేదు, రుచి కూడా తెలిసేది కాదు. చేతికి ఒక పని, నోటికి ఒక పని ఉంటే ఆ తలుపు వైపు చూడకుండా ఉండగలిగేదాన్ని. ఎవరైనా వచ్చి ఆ ప్యాకెట్ లాక్కుని ఉంటే నాకు మేలు జరిగేది కాదు. మా చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది, అప్పుడు చెయ్యి ఆగింది. అందుకే ఏడుపొచ్చి తినేవాళ్లను నేను కోప్పడలేను. తిండి ఆ పూటకి వాళ్లను నిలబెట్టింది. కానీ ఒక్కటే ఆసరాగా మిగిలితే మాత్రం అది మోయలేని బరువవుతుంది.

మీ నోట్‌బుక్‌లో ఏం తేలుతుందో నాకు తెలియదు. మీ ఉత్తరంలో ఒక సూచన మాత్రం ఉంది. "ఆ అరగంటే నాది మేడమ్, ఎవరూ పిలవరు" అని రాశారు. ఆ అరగంటని దయచేసి వదులుకోకండి. తినడం మానేస్తే అరగంట కూడా పోతుందేమోనన్న భయం లోపల ఉంటే ఏ నియమమూ నిలవదు. అదే అరగంటను ఇంకాస్త ముందుకు, తొమ్మిదిన్నరకి తెచ్చుకోండి. ఆ సమయంలో మీరు ఎవరికీ అమ్మ కాదు, కోడలు కాదు, టీచర్ కాదు. డాబా మీద నడుస్తారా, చెల్లెలితో ఫోన్లో మాట్లాడతారా, పాటలు పెట్టుకుని కాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటారా, మీ ఇష్టం. ఇంట్లోవాళ్లకి చెప్పేయండి, తొమ్మిదిన్నర నుంచి పది దాకా నన్ను పిలవద్దని. మొదట వింతగా చూస్తారు, వారంలో అలవాటు పడతారు. పదిన్నరకి పడుకోండి. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి, తీపి మీద యావ రెండూ పెరుగుతాయి.

అయినా పదకొండింటికి కాళ్లు వంటింటివైపు వెళితే? తినొద్దని చెప్పను. లైటు వేయండి. ఒక గ్లాసు నీళ్లు తాగి, గడియారం చూసి పది నిమిషాలు ఆగండి. అప్పటికీ కావాలనిపిస్తే మూడు జంతికలు ప్లేటులో పెట్టుకోండి, డబ్బా మూతపెట్టి లోపల పెట్టేయండి, బల్ల దగ్గర కూర్చుని నమిలి తినండి. చీకట్లో, నిలబడి, డబ్బాలోంచి తినేది లెక్కకి రాదు, తృప్తీ ఇవ్వదు. వెలుతురులో కూర్చుని తిన్న మూడు జంతికలకు రుచి ఉంటుంది. ఎప్పుడైనా కట్టు తప్పి డబ్బా మొత్తం అయిపోయినా సరే, మర్నాడు పొద్దున టిఫిన్ మానకండి. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. రాత్రి తిన్నందుకు శిక్షగా పొద్దున మానేస్తే సాయంత్రానికి మళ్లీ అదే బాకీ, రాత్రికి మళ్లీ అదే డబ్బా. ఈ చక్రం తెగేది పొద్దున టిఫిన్ దగ్గరే.

రెండు వారాలు దాటాక బరువు సంగతి చూద్దాం. మీ బరువులో 5 నుంచి 7 శాతం, అంటే నాలుగైదు కిలోలు, ఆరు నెలల్లో తగ్గితే చాలని పెట్టుకోండి. వినడానికి చిన్నగా ఉంది కదూ. అమెరికాలో డయాబెటిస్ రాబోతున్నవాళ్ల మీద చేసి 2002లో ప్రకటించిన పెద్ద అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక అనే లక్ష్యాలు పెట్టారు. దాంతో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మన చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. అందులో బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేకపోయినా, తిండి, నడక మార్చుకున్నందుకే ముప్పు 28.5 శాతం తగ్గింది. తూకం కదలని నెలల్లో కూడా లోపల మేలు జరుగుతూనే ఉంటుందని నేను ధైర్యంగా చెప్పేది దీన్ని చూసే. తూకం కంటే టేపు నమ్మండి. బొడ్డు దగ్గర నడుము కొలత మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకుండా ఉండాలంటారు. నెలకొకసారి కొలిచి నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి.

ఎక్కడ తగ్గించాలి అంటే, నేనైతే ముందు నూనె డబ్బా చూస్తాను. మీ ఇంట్లో నెలకి ఎన్ని లీటర్లు? నలుగురికి ఐదు లీటర్లంటే మనిషికి రోజుకు 38 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజువారీ కంచానికి చెప్పిన నూనె, కొవ్వు 27 గ్రాములు. నలుగురికి నెలకి మూడున్నర లీటర్లు. తేడా 11 గ్రాములే అనిపిస్తుంది. గ్రాముకి 9 కేలరీల చొప్పున రోజుకు వంద కేలరీలు, ఎవరూ ఏమీ మానకుండానే. నెల మొదట్లో నూనె కొలిచి పక్కన పెట్టుకుని, నెలంతా అదే వాడండి. వంకాయ కూర మగ్గడానికి మూత పెట్టి కాసిని నీళ్లు చల్లితే రుచేమీ పోదు. వేపుళ్లు వారానికి రెండు రోజులు. బజ్జీలు వాన పడ్డ రోజుకి దాచుకోండి.

అదే సంస్థ కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలంటుంది, రోజుకు 400 గ్రాముల కూరగాయలు. మన ఇళ్లలో కూర అన్నంలోకి నంజుకోవడానికన్నట్టు కొంచెమే ఉంటుంది. దాన్ని తిరగేయాలి. ముందు కూర వడ్డించుకుని, తర్వాత అన్నం పెట్టుకోండి. ఈ చిన్న మార్పుతో మారు అన్నం అడగడం తగ్గుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంచేవి అవే.

మిల్లెట్ల గురించి అందరూ అడుగుతారు. మంచివే, పీచు ఎక్కువ. కానీ వంద గ్రాముల బియ్యంలో 356 కేలరీలుంటే జొన్నల్లో 334, రాగుల్లో 321. అన్నం మానేసి ఇష్టం లేని కొర్రల్ని కళ్లు మూసుకుని మింగాల్సిన పనిలేదు. జొన్నరొట్టె ఇష్టమైతే హాయిగా తినండి.

నడక రోజుకు అరగంట, ఒక్కసారే కుదరకపోతే పదేసి నిమిషాలు మూడుసార్లు. దానికి తోడు వారానికి మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదేసి చొప్పున మూడు విడతలు. కండ పోకుండా ఉండాలంటే ఇది కావాలి. తినకుండా తగ్గినప్పుడు పోయేదాంట్లో కండ కూడా ఉంటుంది, తిరిగి వచ్చేది మాత్రం ఎక్కువగా కొవ్వే.

మీ బంధువుల పెళ్లిలో ఎవరో "ఏంటమ్మా మళ్లీ లావయ్యావు" అన్నారని, ఆ రాత్రి ఇంటికొచ్చి మొత్తం పూతరేకుల ప్యాకెట్ తిన్నారని రాశారు. అలాంటి మాట అనేవాళ్లకి జవాబు ముందే సిద్ధం చేసుకోండి. "ఆరోగ్యం చూసుకుంటున్నానండీ, మీరెలా ఉన్నారు?" అని మాట మార్చేయండి. అది గొంతులో ఉంచుకుని ఇంటికి తేకండి. ఆ రాత్రే మీవారికో చెల్లెలికో చెప్పేయండి. ఒంటిని చూసి వ్యాఖ్యానించడం మన దగ్గర పలకరింపు అయిపోయింది, దానివల్ల ఎంతమంది రాత్రులు ఏడుస్తున్నారో అనేవాళ్లకి తెలియదు.

డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్లాలి. థైరాయిడ్, షుగర్, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. నెలసరి సరిగా రాకపోతే ఆ సంగతి చెప్పి, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) ఉందేమో అడగండి. థైరాయిడ్ ఉన్నా దానివల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే, మాత్రలతో అదుపులో ఉంటుంది. స్టెరాయిడ్లు, కొన్ని రకాల మానసిక చికిత్స మందులు, కొన్ని షుగర్ మందులు బరువు పెంచుతాయి. అలాంటివి వాడుతుంటే సొంతంగా ఆపకండి, డాక్టర్‌ని అడిగి మార్పించుకోండి. షుగర్ మందులు వాడుతుంటే తిండి వేళలు మార్చేముందే అడగండి.

ఇంజెక్షన్ల గురించి కూడా అడిగారు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ మన దేశంలో బరువు తగ్గడానికి 2025 నుంచి దొరుకుతున్నాయి. అవసరమైనవాళ్లకి బాగా పనిచేసే మందులే. డాక్టర్ చూసి రాయాలి, తెలిసినవాళ్ల ద్వారా తెప్పించుకునేవి కావు. ఒక పెద్ద పరిశోధనలో సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అంటే మందు వాడినా ఆ నాలుగున్నర ప్లేటు, ఆ తొమ్మిదిన్నర అరగంట కావాల్సిందే.

ఇంకొక్కటి, ఇది మెల్లగా చదవండి. కొద్దిసేపట్లోనే చాలా ఎక్కువ తినేయడం, ఆపుకోలేకపోతున్నానన్న భావం, ఇవి వారానికి ఒకసారైనా మూడు నెలలుగా జరుగుతుంటే దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. 2013 నుంచి దీన్ని వేరే జబ్బుగా గుర్తించారు. దీనికి చికిత్స ఉంది, ముఖ్యంగా కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. మీరు రాసింది చూస్తే సైకాలజిస్టుని ఒకసారి కలవడం మంచిదనే నా అభిప్రాయం. తిన్నాక వేళ్లు పెట్టుకుని వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఈ వారమే వెళ్లండి. దగ్గర్లో ఎవరున్నారో తెలియకపోతే, లేదా రాత్రిపూట మనసు బాగోలేకపోతే, మానసిక ఆరోగ్య సాయం కోసం ఉన్న టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, డబ్బు తీసుకోరు, ఇరవై నాలుగు గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ రాత్రికి చేయాల్సింది గుప్పెడు శనగలు నానబెట్టడం. రేపు పొద్దున టిఫిన్ తిని స్కూలుకి వెళ్లండి. సాయంత్రం మీ అత్తగారి పక్కన కూర్చుని గుగ్గిళ్లు తినండి. రెండు వారాల నోట్‌బుక్ నిండాక మళ్లీ రాయండమ్మా, అందులో ఏ రోజులు ఎర్రగా ఉన్నాయో ఇద్దరం కలిసి చూద్దాం.